మావయ్య మడత చాకు లాక్ మళ్ళీ నిలబడింది

మా మావయ్య చూపుడు వేలికి పోయిన ఆగస్టులో నాలుగు కుట్లు పడ్డాయి, ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది, అదీ అత్త నోరు జారి చెప్తే. ఆయన కడియపులంక వైపు నర్సరీల్లో అంట్లు కడతాడు, ముప్పై ఏళ్ళ పైనుంచి అదే పని, అంటుకింత అని లెక్క. వానాకాలం అంటే మామిడి అంట్లకి సీజను, అలాంటప్పుడు కుడి చేతి చూపుడు వేలికి కట్టు కట్టుకుని ఇరవై రోజులు ఇంట్లో కూర్చున్నాడంటే ఎంత నష్టమో ఆ పని తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెగింది అంటు కట్టే చాకుతో కాదు, ఎప్పుడూ జేబులో ఉండే మడత చాకుతో. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) బస్తాకి చిల్లు పెడదామని మొన గుచ్చి గట్టిగా నొక్కాడంట, మొన దిగలేదు, లాక్ జారింది, బ్లేడు వెనక్కి మడుచుకుని తిన్నగా వేలి మీదకొచ్చింది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడిగాను, ఆ చాకు ఏదీ అని. అటక మీద డబ్బాలో పాత గుడ్డలో చుట్టి పెట్టాడు. "పారేద్దామనుకున్నా రా, మనసొప్పలా, పెద్దోడు మొదటిసారి కువైట్ నుంచి వచ్చినప్పుడు తెచ్చింది కదా" అన్నాడు. అది 2012. అంటే పన్నెండేళ్ళకి పైగా రోజూ జేబులో ఉన్న వస్తువు. పురికొస కొయ్యడం, ప్లాస్టిక్ కవర్లు చీల్చడం, పుల్లలు చెక్కడం, మధ్యాహ్నం జామకాయ కోసుకోవడం, అన్నీ దాంతోనే. పిడి నల్లగా అరిగిపోయి చేతికి సబ్బు ముక్కలా తగుల్తోంది, బ్లేడు సాన పట్టీ పట్టీ సన్నబడింది, కానీ ఇంకా మూడు అంగుళాలు ఉంది.

"లాక్ ఎప్పటినుంచి ఇలా ఉంది మావయ్యా?" అంటే "ఏడాది నుంచి అప్పుడప్పుడూ జారేది, పదిసార్లకి తొమ్మిదిసార్లు బాగానే పట్టేది" అన్నాడు.

ఆ పదికి తొమ్మిది అన్న మాట దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. మా తాతయ్య దగ్గర అసలు లాకే లేని చాకు ఉండేది, వెనకాల స్ప్రింగు పట్టీ ఆపేది అంతే, ఆయన బతికున్నన్నాళ్ళూ దాంతో వక్కలు, తాటి ముంజలు, కొబ్బరి పీచు అన్నీ కోశాడు, ఒక్కసారి కూడా వేలు తెగలేదు. ఎందుకంటే అది మడుచుకుంటుందని చేతికి తెలుసు. మొన వైపు బలం పెట్టేవాడు కాదు, బ్లేడు వీపు మీద బరువు పడనిచ్చేవాడు కాదు. లాక్ ఉన్న చాకు చేతికి ఆ జాగ్రత్త మర్పిస్తుంది. తొమ్మిదిసార్లు పట్టిన లాక్ పదోసారి జారితే, ఆ పదోసారి చెయ్యి పూర్తిగా నమ్మి బలం పెట్టి ఉంటుంది. అందుకే అప్పుడప్పుడూ జారే లాక్ అసలు లేనిదాని కంటే ప్రమాదం అని నేను గట్టిగా నమ్ముతా, మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ రోజే జేబులోంచి తీసి పక్కన పెట్టించండి, బాగు చేయడం తర్వాత సంగతి.

నేను హైదరాబాదులో, బాలానగర్లో ఒక టూల్ రూమ్‌లో పని చేస్తా. ముక్కలు కొట్టే ఉక్కు అచ్చులు, అంటే డైలు, పని ముక్కని కదలకుండా పట్టే జిగ్గులు, ఫిక్చర్లు, పొద్దున లేస్తే మందం కొలిచే మైక్రోమీటరే. కాబట్టి చాకు నాకివ్వు నేను చూస్తా అని తీసుకొచ్చా. అమ్మ మాత్రం "రాంపురి చాకులా ఉంది, రైల్లో పోలీసులు పట్టుకుంటారేమో" అని కంగారుపడింది. మడత చాకు అంటే చాలు మనవాళ్ళకి రాంపురియే గుర్తొస్తుంది, ఆ చాకులకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ రాంపూర్‌లో 2023లో చౌరస్తాలో 20 అడుగుల చాకు బొమ్మ కూడా పెట్టారు. ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్సు కావాల్సింది బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన వాటికి, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి వాడేవాటిని మినహాయించారు, ఇది మూడంగుళాల పనిముట్టు అని అమ్మకి చెప్పి బ్యాగులో అడుగున పెట్టుకున్నా.

ఇంటికొచ్చి లైటు కింద పెట్టి చూశా. ఇది లైనర్ లాక్ రకం. మన బజార్లో దొరికే మడత చాకుల్లో చాలావరకు ఇవే కాబట్టి ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్తా. పిడికి రెండు పక్కలా లోపల రెండు ఉక్కు రేకులుంటాయి, వాటినే లైనర్లు అంటారు. అందులో ఒక రేకుని పొడుగ్గా నాలుకలా కోసి, కొంచెం లోపలికి వంచి వదుల్తారు. చాకు మూసున్నప్పుడు ఆ నాలుక బ్లేడు పక్కన నొక్కుకుని ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరవగానే దారి ఖాళీ అయ్యి ఆ నాలుక టక్కుమని లోపలికి దూకి బ్లేడు మడమకి అడ్డంగా నిలబడుతుంది. మడమ అంటే పిడిలో ఉండే బ్లేడు మొదలు భాగం. ఇంక బ్లేడు వెనక్కి రావాలంటే ఆ నాలుకని నలిపేసి రావాలి, ఉక్కు నిలువునా నలగదు కదా, అందుకే పట్టు. అమెరికా సైన్యంలో సిగ్నల్ కోర్ వాళ్ళకి వైర్ల పని కోసం ఇచ్చిన టీఎల్-29 చాకులో ఈ పద్ధతి పాత రూపంలో ఉండేది, 1980ల మొదట్లో మైఖేల్ వాకర్ అనే అమెరికా చాకుల తయారీదారు దాన్ని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు.

ఇందులో అసలు కిటుకు మడమ అంచులో ఉంది. అది నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది, ఏడెనిమిది డిగ్రీల వాలు. మంచం కోడు కుదరకపోతే కింద చెక్క ముక్క తోస్తాం చూడండి, ఎంత లోపలికి తోస్తే అంత బిగుస్తుంది, అచ్చం అలా. నాలుక ఆ వాలు మీద జారుకుంటూ లోపలికెళ్ళి ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఆగుతుంది. కొత్త చాకులో మడమ మందంలో పావు నుంచి సగం వరకు వచ్చి ఆగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అరుగుదల వచ్చి ఇంకొంచెం ఇంకొంచెం అవతలికి జరుగుతుంది. ఇలా అరుగుదలని దానంతట అదే సర్దుకుపోవడం ఈ లాక్ గొప్పతనం, కానీ అవతలి రేకుకి ఆనేసిందంటే ఇంక సర్దుకోవడానికి చోటు లేదని అర్థం.

మావయ్య చాకు తెరిచి కింద నుంచి టార్చ్ వేసి చూస్తే నాలుక సరిగ్గా మధ్యలో ఉంది. చూడ్డానికి ఏ రోగం లేదు! పది నిమిషాలు అలా తెరుస్తూ మూస్తూ చూశా, ప్రతిసారీ మధ్యలోనే ఆగుతోంది. సరే ముందు శుభ్రం చేద్దాం అని విప్పడం మొదలెట్టా.

స్క్రూలు నక్షత్రం తలవి, పిడివి టీ6 సైజు, బ్లేడు తిరిగే ఇరుసుది టీ8 సైజు. మామూలు స్క్రూడ్రైవర్ మొన పెట్టి తిప్పబోకండి, తల పాడైతే అక్కడితో పని ఆగిపోతుంది. వీటిలో ఒకటి ఎంతకీ కదల్లేదు, అప్పుడు సోల్డరింగ్ ఐరన్ మొన ఆ స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించా, కంపెనీ వాళ్ళు మరలకి పూసిన జిగురు వేడికి మెత్తబడి వచ్చేసింది. విప్పేటప్పుడు ఏ స్క్రూ ఏ బొక్కదో తెలియడానికి తెల్ల కాయితం మీద చాకు బొమ్మ గీసి, ఎక్కడిది అక్కడే పెట్టుకుంటూ పోయా.

లోపల చూశాక నాకు మాట రాలేదు. నాలుక మొదలు దగ్గర సన్న కోత ఉంటుంది, ఆ కోత నిండా గోధుమ రంగు బంక. మడమ వాలు మీద కూడా అదే, గోరుతో గీకితే రాదు, తారులా అంటుకుపోయింది. మామిడి పుల్లలు కోసినప్పుడు కారే సొన, కవర్లు నింపే ఎర్రమట్టి, కోకోపీట్ పీచు, జేబు గుడ్డ నూలు, వీటన్నిటికీ తోడు చాకు బిగిసిపోయినప్పుడల్లా మావయ్య పోసిన కొబ్బరి నూనె. పన్నెండేళ్ళ పని అంతా అక్కడే పేరుకుని ఉంది. భూతద్దంలో ఒక సన్న పసుపు దారం కనపడింది, అంట్లకి కట్టే గోతాం దారం అనుకుంటా, బంకలో పాతుకుపోయి ఉంది, ఎన్ని వేల అంట్లు కట్టిన జేబులోంచి వచ్చిందో అది.

కిరోసిన్లో రాత్రంతా నానబెట్టి పొద్దున పాత పళ్ళ బ్రష్షుతో, వెదురు పుల్లతో గీకితే అంతా వదిలింది. ఇనుప సూది వాడలేదు, వాలు మీద గీత పడితే మళ్ళీ అదొక తలనొప్పి. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, బిగించి తెరిచా.

నాలుక మధ్యలో ఆగలేదు. అవతలి రేకు దాకా వెళ్ళిపోయి దానికి ఆనేసింది. బ్లేడు మొన పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తే టిక్కు టిక్కుమని కదుల్తోంది.

అప్పుడర్థమైంది అసలు సంగతి. ఇన్నాళ్ళూ నాలుకని మధ్యలో ఆపింది ఉక్కు కాదు, బంక! మడమ వాలు మీద పేరుకున్న ఆ బంక దాన్ని అడ్డుకుని, పైనుంచి చూసేవాళ్ళకి లాక్ ఆరోగ్యంగా ఉన్నట్టు కనపడేలా చేసింది. ఎండాకాలంలో బంక మెత్తబడినప్పుడు ఒకలా, వానల్లో ఒకలా, చిన్న పని చేసినప్పుడు ఆగేది, బలం పడ్డప్పుడు నాలుక కింద బంక నలిగి, కొబ్బరి నూనె మీద జారి పక్కకి తప్పుకునేది. పదికి తొమ్మిదిసార్లు అంటే ఇదే. మురికి వల్ల లాక్ చెడిందని నేననుకున్నా, నిజానికి లాక్ ఎప్పుడో అరిగిపోతే ఆ అరుగుదలని మురికి కప్పి పెట్టింది.

ఇక్కడ నేను ఒక తప్పు చేశా, అది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ముందు చేసేది అదే. నాలుకలో స్ప్రింగ్ బలం తగ్గిందేమో అని దాన్ని విప్పి ఇంకొంచెం లోపలికి వంచా. టక్కుమనే శబ్దం గట్టిగా వచ్చింది, సంతోషపడ్డా. కానీ పరిస్థితి ఇంకా చెడింది, ఎందుకంటే నాలుక ఇప్పుడు ఇంకా గట్టిగా అవతలి రేకుని గుద్దుకుంటోంది తప్ప మడమకి బిగుసుకోవట్లేదు. శబ్దం గట్టిగా రావడానికీ పట్టు గట్టిగా ఉండడానికీ సంబంధం లేదు. మళ్ళీ విప్పి, మెల్లమెల్లగా వెనక్కి వంచి ముందున్న చోటికి తెచ్చా. ఈ వంచడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, నాలుక మీద బియ్యపు గింజంత కూడా లేని ఉక్కు బాల్ ఒకటుంటుంది, చాకు మూసినప్పుడు బ్లేడులో ఉన్న చిన్న గుంటలో కూర్చుని జేబులో చాకు తెరుచుకోకుండా ఆపేది అదే, పట్టకారు దాని మీద పడితే ఊడొచ్చేస్తుంది. ఇంకా మరీ వంచితే నాలుక మొదట్లో పగులు రావచ్చు, పగులు వస్తే ఆ చాకు కథ ముగిసినట్టే, దాన్ని వెల్డింగ్ చేయించే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు, ఆ వేడికి స్ప్రింగ్ గుణం పోతుంది.

మరి అరుగుదల ఎక్కడ? లంచ్ టైంలో అందరూ తింటుంటే నేను చాకు ముక్కలన్నీ బెంచీ మీద పరుచుకుని ఒక్కో ముక్కా మైక్రోమీటర్లో పెట్టి చూశా. మడమ వాలు బాగానే ఉంది, బ్లేడు ఉక్కు గట్టిది, ఆకురాయి పెట్టినా జారిపోతుంది. నాలుక చివర కొంచెం అరిగింది కానీ ఇంత తేడా తెచ్చేంత లేదు. ఆఖరున చూసింది స్టాపర్ పిన్. తెరిచినప్పుడు బ్లేడు ఎక్కువ దూరం పోకుండా దీనికి తగిలి ఆగుతుంది, అగ్గిపుల్ల కంటే కాస్త లావు, పొట్టి గుండ్రటి ముక్క, అంతే. వేళ్ళ మధ్య దొర్లిస్తే ఒకచోట చేతికి చదునుగా తగిలింది. ఆ చదును వెలుగులో అద్దంలా మెరుస్తోంది. మైక్రోమీటర్ పెడితే మిగతా అన్ని వైపులా 4.00, ఆ చదును దగ్గర మాత్రం 3.86.

అంటే 0.14 మిల్లీమీటర్. మన వెంట్రుకలు ఒకటిన్నర, రెండు కలిపినంత మందం ఉంటుందంతే. ఇంత చిన్న తేడాకి నాలుగు కుట్లా అనిపిస్తుంది కదా, కానీ వాలు సంగతి గుర్తు చేసుకోండి. ఎనిమిది డిగ్రీల వాలు అంటే నాలుక ఏడు మిల్లీమీటర్లు పక్కకి నడిస్తే ఒక మిల్లీమీటర్ ఎత్తు. దాన్నే తిరగేస్తే, ఎక్కడైనా ఒక మిల్లీమీటర్ అరిగితే నాలుక ఏడు మిల్లీమీటర్లు జరగాలి. 0.14 అరిగితే దాదాపు ఒక మిల్లీమీటర్ జరగాలి. ఈ చాకు మడమ మొత్తం మందం మూడు మిల్లీమీటర్లు. మూడింట ఒక వంతు దారి ఆ మెరిసే చదును తినేసింది! మావయ్య చాకు తెరిచేటప్పుడు చెయ్యి విదిలించి టపీమని తెరుస్తాడు, అలా తెరిచిన ప్రతిసారీ బ్లేడు వెళ్ళి మెత్తటి ఉక్కుతో చేసిన ఆ పిన్నుని ఒకే చోట కొడుతోంది, రోజుకి ముప్పైసార్లనుకున్నా పన్నెండేళ్ళలో లక్ష దెబ్బలు దాటాయి.

ఇప్పుడు ఖర్చు లేని వైద్యం. పిన్ గుండ్రంగా ఉంది కదా, అరిగింది ఒక్క వైపే కదా, దాన్ని కొంచెం తిప్పి పెడితే చాలు, బ్లేడుకి కొత్త మొహం తగుల్తుంది. తిప్పి బిగించి తెరిచా. నాలుక అవతలి రేకుని వదిలి మడమ మీద మూడింట రెండు వంతుల దగ్గర ఆగింది. బ్లేడు ఊపితే కదలట్లేదు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం పెద్ద డై మొదటి ముక్క సరిగ్గా కొట్టినప్పుడు కూడా కలగలేదు. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఇలా బ్లేడు పైకీ కిందకీ ఆడే చాకు ఉంటే, స్టాపర్ పిన్ విడిగా వచ్చే రకమైతే, ముందు ఇది చేసి చూడండి, మైక్రోమీటర్ కూడా అక్కర్లేదు, వేళ్ళ మధ్య దొర్లిస్తే చదును తెలిసిపోతుంది.

కానీ పాత పిన్ ఉక్కు మెత్తనిదే, కొత్త మొహం కూడా కొన్నాళ్ళకి అలాగే అవుతుంది. మా దగ్గర డైల్లో వాడే డోవెల్ పిన్నులుంటాయి, గట్టిపరిచిన ఉక్కు, గ్రైండింగ్ చేసినవి. తుక్కు డబ్బాలో నాలుగు ఎంఎం ముక్క ఒకటి దొరికితే ఫోర్‌మన్‌ని అడిగి తీసుకుని, పాతదాని పొడవుకి సరిగ్గా గ్రైండ్ చేశా. కొంచెం బిగువుగా కూర్చుంది. ఇప్పుడు నాలుక సగానికి ఒక పిసరు అవతల ఆగుతోంది.

ఇంతటితో అయిపోయిందనుకోలేదు, ఎందుకంటే ఎక్కడ ఆగిందనేది ఒకటి, ఎంత మేర ఆనుతోందనేది ఇంకొకటి. డై రెండు సగాలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడ్డానికి మేం బ్లూ అనే నీలం రంగు పూస్తాం, ఇక్కడ ఆ పనికి మామూలు నల్ల మార్కర్ సరిపోతుంది. మడమ వాలంతా మార్కర్ పూసి, ఆరాక పదిసార్లు తెరిచి మూసి చూశా. నలుపు చెరిగింది ఒక్క మూల, అది కూడా సన్న గీత. నాలుక చివర భూతద్దంలో చూస్తే అంచు మీద ఉక్కు పొరలా లేచి ఉంది, మేకు తల మీద సుత్తితో కొట్టీ కొట్టీ అంచులు విచ్చుకుంటాయి చూడండి అలా, అన్నేళ్ళు విదిలించి తెరిచిన ఫలితమే ఇది కూడా. నాలుక మొత్తం ఆ పొర మీద నిలబడుతోంది, మిగతా మొహం గాల్లో ఉంది.

సన్న ఆయిల్ స్టోన్ (నూనె వేసి రుద్దే సానరాయి) తీసుకుని, ఆ పొర మీద మూడు సార్లు రుద్దడం, తుడవడం, మార్కర్ పూయడం, బిగించడం, తెరిచి చూడడం. మళ్ళీ విప్పడం. ఇలా ఆరేడుసార్లు. ఓపిక లేక ఒకేసారి ఆకురాయితో గీకేద్దాం అనిపిస్తుంది, కానీ అదే వాలు లెక్క, నాలుక పొడవులో 0.1 తీస్తే అది 0.7 అవతలికి జరుగుతుంది, పిన్ను మార్చి సంపాదించిందంతా రెండు గీకుళ్ళలో పోతుంది. పొర పోయాక నాలుక మొహం దాదాపు సగం మేర నలుపుని చెరిపింది. అక్కడ ఆపేశా. ఇంకా బాగు చేయొచ్చు అనిపించినా ఆపేశా.

బిగించేటప్పుడు ఇరుసు స్క్రూ మరలకి మరలు వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు థ్రెడ్ లాకర్, ఒక చిన్న బొట్టు, పక్కనున్న వాషర్ల మీద పడకుండా. స్క్రూ బిగువు కూడా చూసుకోవాలి, బ్లేడు పక్కలకి ఊగకూడదు, అలాగని తెరవడానికి రెండు చేతులు పట్టకూడదు, పావు వంతు తిప్పడంలో తేడా వచ్చేస్తుంది. నూనె ఇరుసు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. నాలుక చివరా మడమ వాలూ మాత్రం స్పిరిట్‌తో తుడిచి పొడిగా ఉంచా. ఆ రెండు కలిసే చోట నూనె ఉండకూడదు. మావయ్యకి ఇది మరీ మరీ చెప్పాలని కాయితం మీద రాసుకున్నా.

తర్వాత పరీక్ష. చాకు వీపుని బల్ల కేసి టపటపా కొట్టి లాక్ గట్టిగా ఉందని చూపించే వీడియోలు చాలా ఉన్నాయి, అది నాకు నచ్చదు, మనం బాగు చేసిన అంచునే మళ్ళీ సుత్తి దెబ్బలకి అప్పజెప్పినట్టు. నేను బ్లేడు పదును మీద మందపాటి గుడ్డ చుట్టి టేపు వేశా, తోలు గ్లౌజు తొడుక్కున్నా, పిడిని రెండు పక్కలా మాత్రమే పట్టుకున్నా, అంటే బ్లేడు మడుచుకొస్తే పడే గాడిలో ఒక్క వేలు కూడా లేకుండా. నాలుక ఎక్కడ ఆగిందో అక్కడ మడమ మీద మార్కర్‌తో చుక్క పెట్టా. అప్పుడు బ్లేడు వీపుని మడిచిన గోనె సంచి మీద ఆనించి మెల్లగా బలం పెంచుకుంటూ నొక్కా. ముందు కొంచెం, తర్వాత భుజం బరువు. ప్రతిసారీ టార్చ్ వేసి చుక్క కదిలిందా చూడడం. పిడిని కొంచెం మెలిపెడుతూ కూడా నొక్కా, ఎందుకంటే బస్తా చీల్చేటప్పుడు చెయ్యి తిన్నగా ఉండదు. ముప్పైసార్లు చేశా, నాలుక చుక్క దగ్గర నుంచి కదల్లేదు.

మధ్యలో ఒక ఆలోచన వచ్చింది, ఇదంతా మానేసి ఫ్రాన్స్ వాళ్ళ ఒపినెల్ చాకు ఒకటి కొనిద్దామా అని. దానికి లాక్ అంటే మెడ చుట్టూ తిప్పే ఉక్కు రింగు, 1955 నుంచి అదే పద్ధతి, లాక్ పడిందో లేదో కంటికి కనపడుతుంది, వేలికి తెలుస్తుంది. మంచి చాకు. కానీ దాని పిడి కర్ర, తడికి ఉబ్బుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళ పైపుల మధ్య ఉండే మనిషికి వానాకాలంలో అది బిగుసుకుపోతుంది. పైగా పెద్దోడు తెచ్చిన చాకు అది కాదు కదా.

ఇచ్చే ముందు ఇంకొక్క పని చేశా. ఉక్కు మీద గీతలు గీసే కార్బైడ్ స్క్రైబర్‌తో మడమ మీద సన్న గీత ఒకటి గీశా, మందంలో ముప్పావు వంతు దగ్గర.

ఉగాదికి వెళ్ళి చేతికిచ్చా. మావయ్య తెరవబోతూ అలవాటుగా చెయ్యి విదిలించబోయాడు, పట్టుకుని ఆపా. "మెల్లగా బొటనవేలితో తెరువు మావయ్యా, ఆ దెబ్బలకే లోపల పిన్ను అరిగింది" అని, నా జేబులోంచి పాత పిన్ తీసి ఆయన అరచేతిలో పెట్టా. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య దొర్లించాడు. కుట్లు పడ్డ వేలు అది, చివర ఇంకా సరిగ్గా స్పర్శ లేదంట, ఎడమ చేతికి మార్చుకుని మళ్ళీ దొర్లించాడు. చదును దొరికింది. "ఇదా?" అన్నాడు. చాలాసేపు చూశాడు. అంట్లు కట్టేవాళ్ళకి వెంట్రుక సందు అంటే ఏంటో వేరే చెప్పాలా, పుల్లకీ మొక్కకీ మధ్య ఆ సందు ఉంటే అంటు అతకదు, నేను చెప్పిన డిగ్రీల లెక్క కంటే ఆ పిన్ను ఆయనకి బాగా అర్థమైంది.

టార్చ్ వేసి గీత చూపించి చెప్పా, నాలుక ఈ గీత దాటితే ఆ రోజే వాడకం ఆపెయ్, నాకు ఫోన్ చెయ్, కొబ్బరి నూనె పొయ్యద్దు, నెలకోసారి కిరోసిన్లో ముంచి బ్రష్ కొట్టు, బస్తాలకి మొన గుచ్చి నొక్కద్దు, దానికి కొడవలి ఉంది. అత్త గుమ్మంలో నిలబడి అన్నీ వింది, ఆ చివరి మాటకి మాత్రం "అదీ చెప్పు, గట్టిగా చెప్పు" అంది.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే ముందు అంట్ల సంగతి, తర్వాత వానల సంగతి, పెట్టేసే ముందు తనే చెప్తాడు, "సగంలోనే ఉందిరా, గీతకి ఇంకా చాలా ఇవతలుంది" అని.